పదకొండూ పది అని రాశాను

మా అన్నయ్య కూతురు భావన నర్సింగ్ చదివి ఈ మధ్యనే ప్రభుత్వాస్పత్రిలో చేరింది. చేరే ముందు రోజు బందరులో మా ఇంటికి వచ్చి, "అత్తా, నన్ను లేబర్ రూమ్‌లో వేశారు. అన్నిటికన్నా ముందు ఏం నేర్చుకోవాలి?" అని అడిగింది.

"డ్యూటీలోకి వెళ్ళగానే గోడ గడియారం సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకో" అన్నాను.

మందుల పేర్లో, కుట్లు వేసే పద్ధతులో చెప్తాననుకుందేమో, పకపకా నవ్వింది. కాఫీ తాగుతూ ఇల్లంతా కలయజూసి ఇంకో ప్రశ్న వేసింది. "అత్తా, మీ ఇంట్లో ఒక్క దేవుడి పటం కూడా లేదేంటి? తాతయ్య అంత నిష్ఠగా ఉండేవారట కదా?"

రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటేనన్నాను. నమ్మలేదు. నోటితో చెప్తే సగంలోనే ఆపేస్తానని తెలుసు కాబట్టి రాసి ఇస్తానన్నాను. ముప్ఫై నాలుగేళ్ళు నర్సుగా చేశాను. బందరులో, గుడివాడలో, దివిసీమలో, చివరికి మళ్ళీ బందరులో. ఏ ఏడాది ఏ ప్రమోషన్ వచ్చిందో రాయను. ఆస్పత్రుల పేర్లూ రాయను. ఇందులో ఉన్న తప్పు నాది, గోడలది కాదు.

సుగుణమ్మ గారి వరస

బందరులో నా మొదటి హెడ్ నర్స్ సుగుణమ్మ గారు. పొట్టి మనిషి, గట్టి గొంతు. "బిడ్డ బయటికి రాగానే ముందు ఏడుపు విను. తర్వాత తల్లి రక్తం ఎంత పోతోందో చూడు. ఆ తర్వాతే గడియారం. బయటివాళ్ళు టైము కోసం తలుపులు విరగ్గొట్టినా ఈ వరస తప్పకూడదు" అనేవారు. ఇరవై రెండేళ్ళ వయసులో విన్న ఆ మాట రిటైరయ్యేదాకా పనికొచ్చింది. కొత్తగా చేరే మీ నర్సులకూ వస్తుంది.

తలుపులు విరగ్గొట్టడం అంటే నిజంగానే కొట్టేవాళ్ళు. బిడ్డ ఏడుపు వినపడగానే ఆడా మగా అని మొదటి ప్రశ్న. ఎన్నింటికి పుట్టింది అని రెండో ప్రశ్న. తల్లి ఎలా ఉంది అన్నది మూడోది, అదీ అందరూ అడగరు. సుగుణమ్మ గారు తలుపు సగం తీసి, "ముందు మీ కోడలెలా ఉందో అడగండి, అప్పుడు చెప్తా టైము" అని కసిరేవారు.

ఆవిడ కసురుడు నాకు నచ్చేది కాదు. టైము అడిగే ఇంట్లోంచి వచ్చినదాన్ని మరి. మా నాన్నగారిది పెదపారుపూడి దగ్గర ఊరు. బడిపంతులు. పంచాంగం చూడటంలో దిట్ట. చుట్టుపక్కల ఎవరింట్లో బిడ్డ పుట్టినా ఆ పుట్టిన వేళ చీటీ మీద రాసుకుని మా అరుగు మీదికి వచ్చేవాళ్ళు. ఆయన ముత్యాల్లాంటి అక్షరాలతో జాతకం రాసిచ్చేవారు. నేను నర్సునయ్యాక ఆయనకు అదో గొప్ప. "మా అమ్మాయి రాసే టైము, నేను వేసే చక్రం" అని చెప్పుకుని మురిసిపోయేవారు. నేనూ మురిసిపోయేదాన్ని. డ్యూటీకి వెళ్ళేముందు దీపం పెట్టుకుని, మందుల బీరువా మీది పటానికి దణ్ణం పెట్టుకునిగాని గ్లవ్స్ తొడిగేదాన్ని కాదు.

గుడివాడలో ఉండగా ముహూర్తం ఆపరేషన్లు చూశాను. ఒకసారి ఓ పెద్ద కుటుంబం వాళ్ళు చీటీ తెచ్చి, ఇంకో ముప్పావు గంట ఆగమన్నారు. లోపల బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోంది. మా డాక్టరమ్మ ఆ చీటీ వాళ్ళ చేతిలోనే పెట్టి, "మీ సిద్ధాంతి గారినే వచ్చి కొయ్యమనండి" అని లోపలికి వచ్చేసింది. పావుగంటలో బిడ్డను తీసింది. ఆవిడకు తలపొగరు అనుకున్నాను. ఇంటికి వెళ్ళి నాన్నగారికి చెప్తే, "ప్రాణం మీదికొచ్చినప్పుడు ముహూర్తం చూడమని ఏ శాస్త్రంలోనూ లేదమ్మాయ్. ఆవిడే రైటు" అన్నారు. నాన్నగారు ఎలాంటి మనిషో తెలియాలని ఇది రాస్తున్నాను. ఆయన మీద నాకు అప్పుడూ ఇప్పుడూ కోపం లేదు.

ఆ గడియారం

దివిసీమలో ఒక చిన్న ఆస్పత్రికి బదిలీ అయింది. ఇరవై ఏళ్ళ కిందటి మాట. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాలేదు. లేబర్ రూమ్‌లో చేతి గడియారం తీసేసేవాళ్ళం. బిడ్డల్ని తుడిచే బల్లకు ఎదురుగా గోడకు ఒకటే గడియారం. బ్యాటరీ సెల్లు అయిపోవచ్చినప్పుడు అది ఆగిపోయేది కాదు, నెమ్మదించేది. ఆగిపోతే ఎవరికైనా తెలుస్తుంది. నెమ్మదిస్తే ఎవరూ గమనించరు.

నాగాయలంక నుంచి నాంచారయ్య అనే అతను భార్య పార్వతిని తొలి కాన్పుకి తీసుకొచ్చాడు. చేపల వేటకు వెళ్ళే మనిషి. పాతికేళ్ళుంటాయేమో. వెంట అతని తల్లి. పొద్దున్నుంచీ అతను వరండాలో కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు. మధ్యలో రెండుసార్లు కుళాయి దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా సబ్బుతో రుద్ది కడుక్కోవడం కిటికీలోంచి చూశాను. చేపల వాసన వస్తే బిడ్డను ఎత్తుకోనివ్వరని భయమట.

ఆడపిల్ల పుట్టింది. వెంటనే ఏడ్చింది. తల్లి బాగానే ఉంది. వరస తప్పకుండా అన్నీ చూసి, తలెత్తి గోడ వంక చూశాను. పదకొండూ పది. అదే రాశాను.

నాంచారయ్య తల్లి టైము అడిగి ఊరుకోలేదు. "నచ్చత్రం మంచిదేనామ్మా?" అంది. టైము చెప్పి తలుపేసుకుంటే సరిపోయేది. అది నా పని కాదు. కానీ నా గొప్ప నాకుంది కదా, "ఉండండి, మా నాన్నగారిని అడుగుతాను" అని ఆఫీసు గదిలోకి వెళ్ళి మా ఊరికి ఫోన్ చేశాను.

ఆయన పంచాంగం తిరగేసి, "పదకొండూ పద్ధెనిమిది దాకా దోషమున్న నక్షత్రం అమ్మాయ్. ఆఖరి పాదం. తండ్రికి గండం. ఎనిమిది నిమిషాలు ఆగి పుట్టుంటే ఏ ఇబ్బందీ లేకపోను" అన్నారు. ఆ నక్షత్రం పేరు ఇక్కడ రాయను. ఆ నక్షత్రంలో బిడ్డ పుట్టిన ఏ తల్లైనా ఇది చదివితే ఊరికే బెంగపెట్టుకుంటుంది.

ఇలాంటప్పుడు మావైపు ఒక పద్ధతి ఉంది. మళ్ళీ అదే నక్షత్రం వచ్చే ఇరవై ఏడో రోజున శాంతి చేయిస్తారు. గిన్నెలో నువ్వుల నూనె పోసి, అందులో నీడ పడేలా బిడ్డను పట్టుకుంటారు. తండ్రి ముందు ఆ నీడ చూసి, ఆ తర్వాతే బిడ్డను చూడాలి. అప్పటిదాకా ముఖం చూడకూడదు.

నేనే తలుపు దగ్గర నిలబడి ఇదంతా చెప్పాను. నాంచారయ్య తడి చేతులు చొక్కాకు తుడుచుకుంటూ విన్నాడు. బిడ్డను వార్డులోకి తీసుకెళ్తుంటే గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అటు తిరిగే అడిగాడు.

"కాళ్ళయినా చూడకూడదాండి, సిస్టరమ్మ గారూ?"

"వద్దు నాంచారయ్యా. ఇరవై ఏడు రోజులే కదా, ఇట్టే అయిపోతాయి" అన్నాను.

రెండు గంటలకు నన్ను రిలీవ్ చేయడానికి ఎస్తేరు వచ్చింది. నాకన్నా చిన్నది, నోరు ఊరుకోదు. లోపలికి వస్తూనే, "ఏంటక్కా, మీ గడియారానికి ఇంకా రెండు కాలేదా? అది మనకంటే బద్ధకంగా ఉందే" అని నవ్వింది. ఎస్తేరు చేతి గడియారంలో రెండు దాటింది. గోడ మీద ఒంటిగంటా నలభై. ఆయాను పిలిచి సెల్లు మార్పించాం.

ఇరవై నిమిషాలకు పైగా వెనక. పొద్దున పదకొండింటికి ఎంత వెనక ఉందో కచ్చితంగా చెప్పలేను. పదికి తక్కువ మాత్రం ఉండదు. ఆ దోషం దాటడానికి ఎనిమిది నిమిషాలు చాలు.

చెప్పలేదు

పార్వతి అప్పటికి వార్డులోనే ఉంది. నాంచారయ్య గేటు బయట టీ బడ్డీ దగ్గరే ఉన్నాడు. ముప్ఫై అడుగులు వేస్తే అయిపోయేది. వెయ్యలేదు.

ఎందుకు వెయ్యలేదో నిజం రాస్తాను. రిజిస్టరులో ఎక్కించిన టైము దిద్దితే పై డాక్టరు గారు అందరి ముందూ అరుస్తారు. మా నాన్నగారి మాట తేలిపోతుంది. శాంతి చేయిస్తే నష్టమేముంది, ఇరవై ఏడు రోజులే కదా. వీటన్నిటి మీదా ఇంకో మాట కూడా అనుకున్నాను. సరిగ్గా ఆ వేళకే గడియారం నెమ్మదించిందంటే అదీ దైవసంకల్పమేనేమో, మధ్యలో నేనెవరిని దిద్దడానికి అని. అది భక్తి అనుకున్నాను. భయానికి భక్తి చొక్కా తొడిగానని తర్వాత తెలిసింది.

పార్వతి బిడ్డతో పాలకాయతిప్ప వైపు పుట్టింటికి వెళ్ళింది. నాంచారయ్య నాగాయలంకలో ఉండిపోయాడు.

పంతొమ్మిదో రోజు పొద్దున బిడ్డను ఆటోలో తీసుకొచ్చారు. రెండు రోజులుగా పాలు తాగట్లేదట. ఒళ్ళు చల్లబడిపోయింది. చిన్నపిల్లల రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకితే గంటల్లో పని అయిపోతుంది. డాక్టరు గారు, నేను, చేతనైనదంతా చేశాం. గంట గడవకముందే పోయింది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. తండ్రి చూడకపోవడం వల్ల ఆ బిడ్డ పోలేదు. చూసినా పోయేదే.

నాంచారయ్య వచ్చేసరికి బిడ్డను తెల్లటి గుడ్డలో చుట్టి ఉంచాం. అతను చేతులు చాచాడు. ముఖం మీది గుడ్డ తియ్యబోతుంటే అతని తల్లి చెయ్యి పట్టుకుంది. "ఇంకా శాంతి కాలేదురా నాయనా. ఒకటి పోయింది చాలు. చూడొద్దు."

అతను నా వంక చూశాడు. తీర్పు నేను చెప్పాలన్నట్టు.

ఆ ఒక్క నిమిషంలో నేను నోరు తెరిచి, "గడియారం తప్పు నాంచారయ్యా, చూడు" అంటే చూసేవాడు. అనలేదు. తల దించుకున్నాను. తల దించుకోవడాన్ని అతను జవాబనుకున్నాడు. ముఖం కప్పిన బిడ్డనే గుండెకు ఆనించుకుని మెట్లు దిగాడు. రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగాడు.

"మీ నాన్నగారి మాట నిజమైందండి. గండం నాది. దాన్ని నా బిడ్డ మీదేసుకుని పోయింది" అని, ఖాళీగా ఉన్న ఒక్క చేత్తోనే నాకు దణ్ణం పెట్టాడు.

తేలిక

ఆ సాయంత్రం గుడికి వెళ్ళాను. చెంపలేసుకున్నాను. తప్పు చేశాను స్వామీ, క్షమించు అని ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి బయటికి వచ్చేసరికి గుండె తేలికైపోయింది. ఇంటికి వచ్చి అన్నం తిన్నాను. బాగా నిద్రపట్టింది.

మర్నాడు తల దువ్వుకుంటుంటే ఆ తేలికే నన్ను భయపెట్టింది. నేనెవరికి అన్యాయం చేశాను? ఎవరిని క్షమాపణ అడిగి వచ్చాను? అన్యాయం జరిగిన మనిషి నాగాయలంకలో ఉన్నాడు, అతనికి సంగతే తెలియదు. అతని తరఫున క్షమించేసే అధికారం ఇంకొకరికి ఎలా వచ్చింది? ఆ దేవుడు క్షమించేసినట్టు నాకెలా తెలిసింది? నా ఏడుపు నేనే విని, నా జవాబు నేనే చెప్పుకుని వచ్చాను.

నాన్నగారి దగ్గరికి వెళ్ళి గడియారం సంగతి చెప్పాను. ఆయన లెక్క చూసి, "అయితే దోషమే లేదు" అన్నారు.

"మరి బిడ్డ ఎందుకు పోయింది నాన్నా?"

"తల్లిదండ్రుల జాతకాల్లో ఉండొచ్చు. పూర్వజన్మ కర్మ కావచ్చు."

"దోషం ఉందన్నప్పుడు దోషం వల్ల పోయింది. లేదంటే ఇంకో దాని వల్ల పోయింది. ఏం జరిగినా సరిపోయే జవాబు ఉంటే అది జవాబు ఎలా అవుతుంది?"

ఆయన కోప్పడలేదు. కళ్ళజోడు తీసి పంచాంగం మీద పెట్టి, "అదంతా తర్వాత. నువ్వు ఆ అబ్బాయికి చెప్పావా?" అని అడిగారు.

"లేదు."

"ముందు వెళ్ళి చెప్పు."

జాతకం వేరు, దేవుడు వేరు కదా అని భావన అంటుంది. నాకు తెలుసు. గడియారం తప్పితే పోయేది జాతకం మీద నమ్మకమే. దేవుడి మీది నమ్మకం మాత్రం ఆ రాత్రి పట్టిన నిద్రతో పోవడం మొదలైంది. ఒక్కరోజులో కాదు. ఏడాదో రెండేళ్ళో పట్టింది. దీపం పెట్టడం అలవాటుగా సాగి, ఒక శ్రావణమాసంలో ఆగిపోయింది. దణ్ణం పెట్టుకున్నప్పుడల్లా నాంచారయ్య గోడవైపు తిరిగి నిలబడటమే కళ్ళలో మెదిలేది.

ఎస్తేరుకు చెప్తే, "మీ దేవుడు కుదరకపోతే మా చర్చికి రా అక్కా" అని ఆటపట్టించింది.

"అక్కడా ఏడిస్తే తేలికైపోతాను కదే" అన్నాను. దానికి అర్థమైందనుకుంటాను, మళ్ళీ పిలవలేదు. మేం మాత్రం ఇప్పటికీ స్నేహితులమే.

నమ్మకం లేని నర్సు

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు పనిచేశాను. పటానికి దణ్ణం పెట్టకుండా గ్లవ్స్ తొడిగితే చేతులు వణుకుతాయేమో అనుకున్నాను. వణకలేదు. గడియారం మాత్రం రోజూ చూసుకున్నాను. నక్షత్రం అడిగినవాళ్ళకు టైము చెప్పి ఊరుకున్నాను.

దేవుడు లేడని ఏ రోగికీ చెప్పలేదు. మీరూ చెప్పకండి. నొప్పుల్లో ఉన్న మనిషి ఏ పేరు పట్టుకుని వేలాడుతుందో అది లాక్కోవడం మన పని కాదు. ఒకసారి ఒక అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "సిస్టర్, మీరూ మొక్కుకోండి" అని ఏడ్చింది. మొక్కుకున్నానని అబద్ధం చెప్పలేను, వాదించలేను. "నువ్వు మొక్కుకో తల్లీ. నేను ఇక్కణ్ణుంచి కదలను" అన్నాను. డ్యూటీ అయిపోయినా కదలలేదు. పైనెవరో చూసుకుంటారన్న ధీమా పోయాక, నేను చూసుకోవాల్సింది ఎంతుందో తెలిసింది.

ఇక్కడిదాకా రాసి ఆపేశాను. నెల రోజులు కాగితాల ముందు కూర్చోలేకపోయాను. నాన్నగారు పోయి కూడా చాలా ఏళ్ళయింది. ముందు వెళ్ళి చెప్పు అన్న ఆయన మాట అలాగే ఉంది. నమ్మకం పోయినంత సులువుగా పిరికితనం పోలేదు. చెప్పాల్సినవాడికి చెప్పకుండా మేనకోడలికి నీతులు రాయడం ఏంటని సిగ్గేసింది. పోయిన మంగళవారం పొద్దున బస్సెక్కాను.

నాగాయలంక

నాంచారయ్య ఇప్పుడు వేటకు వెళ్ళట్లేదు. రొయ్యల చెరువు దగ్గర పని. తల నెరిసింది. తర్వాత ఇద్దరు మగపిల్లలు పుట్టారు, చదువుకుంటున్నారు. తల్లి పోయింది. నన్ను గుర్తుపట్టి, "సిస్టరమ్మ గారా! ఇంత దూరం వచ్చారేంటండి?" అని కుర్చీ వేశాడు. పార్వతి మంచినీళ్ళిచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

కూర్చోకుండానే చెప్పాను. గడియారం, ఫోన్, ఎస్తేరు, సెల్లు, నా భయం. బిడ్డ పోయిన రోజు తెలిసీ తల దించుకోవడం. ఏదీ దాచలేదు. తిట్టినా, పొమ్మన్నా పడదామనే వెళ్ళాను.

అతను చాలా నెమ్మదిగా, "అయితే చూసుండొచ్చాండి?" అన్నాడు.

"చూసుండొచ్చు నాంచారయ్య గారూ. గడియారం సరిగ్గా ఉన్నా, నక్షత్రం ఏదైనా, చూసుండొచ్చు."

క్షమించాననలేదు. నేనూ అడగలేదు. చేతుల వంక చూసుకుంటూ కూర్చున్నాడు. నాకు మళ్ళీ ఆ కుళాయి గుర్తొచ్చింది.

"ఎట్టా ఉండేదండి?" అన్నాడు.

వేలమంది బిడ్డల్ని చూశాను. ఆ ముఖం మాత్రం మర్చిపోలేదు. కల్పించకుండా గుర్తున్నదే చెప్పాను. నుదురు వెడల్పు. కింది పెదవి కొంచెం ముందుకు. ఎడమ చెవి కింద ఆవగింజంత మచ్చ. పుట్టగానే చూసినప్పుడు జుట్టు ఒత్తుగా, నుదుటికి అంటుకుని ఉంది.

"రింగులండి" అంది పార్వతి గుమ్మంలోంచి. "పుట్టినప్పుడు తడిగా ఉంది కదా. ఆరాక రింగులు తిరిగింది."

నాంచారయ్య తలెత్తి భార్య వైపు తిరిగాడు. ఇన్నేళ్ళలో అతను ఆమెను ఒక్కసారి కూడా అడగలేదట. అడిగితే చూసినట్టే అవుతుందేమోనని భయపడ్డాడట.

"ఇంకా?" అన్నాడు.

పార్వతి వచ్చి అతని పక్కన నేల మీద కూర్చుంది. నిద్రలో నోరు ఎలా తెరిచేదో, నీళ్ళు పోస్తుంటే వేలు ఎలా పట్టుకునేదో, పంతొమ్మిది రోజులూ ఒక్కొక్కటిగా చెప్పడం మొదలుపెట్టింది. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. రోడ్డు మీద బందరు బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఆమె ఇంకా మూడో రోజు దగ్గరే ఉంది.